పాలగడ్డేలే అనుకున్న గడ్డ: రిపోర్టు బాగానే ఉన్నా మళ్లీ సూది ఎందుకు పెట్టాం

కోనసీమలో ఒక చిన్న టౌన్‌లో జనరల్ సర్జన్‌గా చేస్తున్నాను. రొమ్ములో గడ్డ అంటూ వచ్చే ఆడవాళ్లలో పదిమందికి ఎనిమిది తొమ్మిది మందికి అది క్యాన్సర్ కాదు, స్కాన్ చేసి ధైర్యం చెప్పి ఇంటికి పంపేస్తాం. మిగిలిన ఆ ఒకరిద్దరిలో ఒకావిడ సంగతి ఇది. ఆవిడ నా దగ్గరికి వచ్చేసరికే చేతిలో "క్యాన్సర్ కణాలు లేవు" అన్న రిపోర్టు ఉంది. ఆ కాగితం ఉండగా మళ్లీ బయాప్సీ అన్నందుకు ఇంట్లోవాళ్లకి నా మీద కోపం వచ్చింది, వాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయమే. ఎందుకు అడగాల్సి వచ్చిందో ఒక్కో మెట్టూ రాస్తున్నాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంటి వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

నేపథ్యం

ముప్పై దాటి కొన్నేళ్లయిన తల్లి. గోదావరి పాయ పక్కన లంక ఊరు. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి తొమ్మిదో నెల, ఇంకా తల్లిపాలు తాగుతున్నాడు. భర్త మస్కట్‌లో డ్రైవరు. ఇంట్లో అత్తగారు, మామగారు. అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎవరూ లేరు. "మా వంశంలోనే లేదండి" అని వాళ్లు దాని మీద చాలా ధైర్యం పెట్టుకున్నారు. కానీ రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో ఇంకెవరికీ ఉండదు, కాబట్టి ఆ మాటతో నాకు తేలేదేమీ లేదు.

బిడ్డకి ఐదో నెలలో, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపు చేతికి తగిలిందట. "వక్కంత ఉందండి, గట్టిగా." నొప్పి లేదు, జ్వరం లేదు, ఎర్రబడలేదు. అత్తగారు పాలు గడ్డకట్టాయన్నారు. ఆ అంచనాలో తప్పేమీ లేదు, పాలిచ్చే తల్లికి గడ్డ తగిలితే చాలావరకు అదే అవుతుంది. వేడినీళ్ల కాపడం పెట్టారు, వెచ్చజేసిన తమలపాకు వేశారు. తగ్గకపోతే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్, మళ్లీ ఇంకో కోర్సు. రెండో కోర్సుకీ లొంగకపోయేసరికి ఆయనే "ఇది నా వల్ల కాదమ్మా, టౌన్‌లో చూపించుకోండి" అని పంపించాడు. ఆ మాత్రం చెప్పిన ఆర్ఎంపీని మెచ్చుకోవాలి.

టౌన్‌లో ఒకచోట చీముందేమోనని సూది పెట్టి లాగారు. చీమూ రాలేదు, పాలూ రాలేదు. సూదికి అంటుకున్న కాస్తా స్లైడ్ మీద పూసి పరీక్షకి పంపితే, పాలిచ్చే దశలో ఉండే మార్పులు, కొన్ని వాపు కణాలు, క్యాన్సర్ కణాలు లేవు అని వచ్చింది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. ముందు సంక్రాంతి పనులు, ప్రభల తీర్థానికి చుట్టాలు, తర్వాత దాళ్వా పనులు. రెండు నెలలు గడ్డ మాట ఎవరూ ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు, రిపోర్టు బాగుందన్నారు కదా.

మళ్లీ బయటికి ఎలా వచ్చిందంటే, తొమ్మిదో నెల టీకాకి పిల్లాణ్ని తీసుకెళ్లినప్పుడు ఆశా కార్యకర్తతో మాటల్లో "ఈమధ్య ఎడమవైపు తాగట్లేదక్కా, మొహం తిప్పేసుకుంటున్నాడు" అంది. పెద్దవాళ్లు దిష్టి అన్నారట. ఆశా ఊరుకోలేదు, ఆ వైపు ఏమైనా ఉందా అని అడిగి, గడ్డ సంగతి తెలుసుకుని పీహెచ్‌సీకి, అక్కణ్నుంచి నా దగ్గరికి పంపించింది. పిల్లలు ఒకవైపు మానేయడానికి సవాలక్ష కారణాలుంటాయి, అదొక్కటే చూసి భయపడక్కర్లేదు. గడ్డ ఉన్న వైపే మానేశాడంటే మాత్రం నేను రాసిపెట్టుకుంటాను.

నా దగ్గరికి వచ్చినప్పుడు

ముందు పిల్లాడికి పాలిచ్చి, మిగిలినవి పిండేసి రమ్మన్నాను. పాలతో నిండిన రొమ్మంతా గడ్డలు గడ్డలుగానే తగులుతుంది, ఖాళీ అయ్యాక మిగిలిందే లెక్క.

కూర్చోబెట్టి చూశాను. చేతులు కిందకి ఉన్నంతసేపూ ఏమీ కనబడలేదు, రెండూ ఒకేలా ఉన్నాయి. చేతులు తలపైకి ఎత్తమన్నాను. ఎడమవైపు, గడ్డ ఉన్నచోట చర్మం లోపలికి లాగి చిన్న సొట్ట పడింది. దించగానే పోయింది. మళ్లీ ఎత్తించాను, మళ్లీ అక్కడే పడింది. పక్క నుంచి లైటు వేస్తే ఆ సొట్ట నీడ స్పష్టంగా తెలిసింది. పడుకోబెట్టి చూస్తే గడ్డ మూడు సెంటీమీటర్ల వరకు ఉంది, గట్టిగా, అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలికి అందకుండా. చంకలో ఒక బిళ్ల తగిలింది.

పాలిచ్చే తల్లికి ఉండే గడ్డల్ని ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ వచ్చాను. పాలనాళం మూసుకుపోతే నొప్పి ఉంటుంది, పాలిస్తూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఇది నాలుగు నెలలుగా ఉంది. ఇన్ఫెక్షన్ అయితే జ్వరం, ఎరుపు, సలుపు ఉండాలి, యాంటీబయాటిక్‌కి కొంతైనా కదలాలి. చీముగడ్డ అయితే సూదికి చీము రావాలి. పాలు ఒకచోట చేరి సంచిలా అయిన గడ్డ (గెలాక్టోసీల్) అయితే సూదికి పాలు వచ్చి గడ్డ కుంగిపోవాలి. అంటే మొదటిచోట సూదికి ఏమీ రాకపోవడమే పెద్ద సమాచారం, ఇది నీటి గడ్డ కాదు, గట్టి గడ్డ. ఇక మిగిలింది కడుపుతో ఉన్నప్పుడు పెరిగే ఫైబ్రోఎడినోమా, పాలిచ్చే కాలంలో వచ్చే ఎడినోమా, రెండూ క్యాన్సర్ కాని గడ్డలే. అవి వేళ్ల మధ్య జారిపోతాయి, చర్మాన్ని లోపలికి లాగవు. గ్రాన్యులోమా రకం వాపు, టీబీ మాత్రం క్యాన్సర్‌లాగే మోసం చేస్తాయి. మన దేశంలో ఈ రెండింటినీ మర్చిపోకూడదు. అయితే వాటిని తేల్చేది కూడా బయాప్సీయే.

స్కాన్ తర్వాతే సూది

అదే రోజు బయాప్సీ చేసేయొచ్చు, చేయలేదు. సూది పెడితే లోపల రక్తం గడ్డకట్టి తర్వాత తీసే స్కాన్‌లో తికమక పెడుతుంది, అందుకని బొమ్మలు ముందు. పాలిచ్చే వయసులో మొదటిది అల్ట్రాసౌండ్, దానికి రేడియేషన్ లేదు, పాలు మానేయక్కర్లేదు. స్కాన్‌లో అంచులు ముళ్లుముళ్లుగా ఉన్న నల్లటి గడ్డ, అడ్డం కన్నా నిలువు ఎక్కువ, వెనక నీడ. రేడియాలజిస్టు బైరాడ్స్ 4సి ఇచ్చారు, అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం సగానికి పైనే. ఇంత అనుమానం ఉన్నాక మామోగ్రామ్ కూడా తీయించాం. పాలిస్తున్నావిడకి మామోగ్రామ్ చేయకూడదని చాలామంది అనుకుంటారు, చేయొచ్చు, ముందు పాలు పిండేస్తే బొమ్మ బాగా వస్తుంది. అందులో సన్నటి సున్నపు చుక్కలు గుంపుగా కనబడ్డాయి.

ఇప్పుడు నా ముందు మూడు కాగితాలు. చేత్తో చూస్తే అనుమానం. స్కాన్ చూస్తే అనుమానం. సూది రిపోర్టు మాత్రం ఏమీ లేదంటోంది. రొమ్ము గడ్డ విషయంలో మేం పాటించే నియమం ఏంటంటే ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే, వాటిలో ఎక్కువ భయపెడుతున్నదాన్ని నమ్మి ముందుకెళ్లాలి, ఊరటనిచ్చేదాన్ని కాదు.

ఆ మొదటి రిపోర్టు అబద్ధం చెప్పలేదు. సూది మొన ఎక్కడ తగిలిందో అక్కడి కణాల గురించే చెప్పింది. చేతి అంచనాతో గుచ్చితే గడ్డ పక్కనున్న పాలగ్రంథుల్లోంచి రావచ్చు. పైగా పాలిచ్చే దశలో మామూలు కణాలే కాస్త వింతగా కనబడతాయి, చదివేవాళ్లకి అటూ ఇటూ రెండువైపులా పొరపాటు జరిగే కాలం అది. అందుకే మళ్లీ అదే సన్నసూది పరీక్ష చేయించడంలో అర్థం కనబడలేదు. కోర్ బయాప్సీ అయితే కణాలు విడివిడిగా కాకుండా సన్నటి పోగులా కండే వస్తుంది, అందులో హార్మోన్ పరీక్షలు కూడా చేసుకోవచ్చు.

ఇక్కడే ఆగిపోయాం

ఆవిడకి విడిగా అంతా చెప్పాను. తలూపి వింది. చివర్లో "అత్తయ్యగారిని అడగాలండి" అంది. వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే "పిల్లాడు పాలు మానాక చేయిద్దామంటున్నారండి." తర్వాత ఇంకో కబురు, గడ్డ మొత్తం ఒకేసారి తీసేసి పరీక్షకి పంపితే సరిపోద్ది కదా, ఈ సూదులెందుకు అని. ఈ రెండోది వినడానికి బాగానే ఉంటుంది, సర్జన్లలో కూడా దానికి ఒప్పేసుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోకపోవడానికి కారణం, అది క్యాన్సర్ అయితే దాని రకాన్ని బట్టి ముందు కీమో ఇవ్వాల్సి రావచ్చు. గడ్డ అక్కడే ఉంటే మందుకి లొంగుతుందో లేదో చూసుకోవచ్చు. తెలియకుండా తీసేస్తే అంచుల్లో మిగిలిపోయి రెండోసారి కోయాలి, చంక సంగతి వేరే. పాలిచ్చే రొమ్మును పెద్దగా కోస్తే గాయంలోంచి పాలు కారుతూ మానకుండా కూర్చునే ప్రమాదం కూడా ఉంది.

కాగితాలు చూపించి ఒప్పించాలన్న నా ప్రయత్నం పనిచేయలేదు. ఈసారి అత్తగారిని కూడా తీసుకురమ్మన్నాను. ఆవిడ వచ్చీ రాగానే "డాక్టరమ్మ గారండి, కెలికితే పాకుద్దంటారు కదండీ" అన్నారు. పాకదని, సూది పెట్టకపోతేనే అది దాని పని చేసుకుపోతుందని చెప్పాను. ఆవిడకి నమ్మకం కుదరలేదు. అప్పుడు కోడలిని అడిగి, ఆమె సరేనన్నాక, అత్తగారిని దగ్గరికి పిలిచి చేతులు ఎత్తించాను. ఆవిడ వంగి చూసి, "ఇదేంటమ్మాయ్, ఇలా లోపలికి లాగేస్తంది" అన్నారు. ఇద్దరు పిల్లలకి పాలిచ్చిన మనిషి, పాలగడ్డకి చర్మం అలా లాగదని నేను చెప్పకుండానే ఆవిడకి తెలిసింది. వెంటనే మస్కట్‌కి ఐఎంఓ కలిపారు. కొడుకు అడిగింది రెండే, "నొప్పెడుద్దా అండి?", "కార్డు మీద అవుద్దా అండి?" మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తామని, క్యాన్సర్ అని తేలితే వైద్యం కార్డు మీద జరుగుతుందని, అయితే దానికి బయాప్సీ రిపోర్టు ఉండాల్సిందేనని చెప్పాను. ఇప్పుడు పథకం పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, మా దగ్గర జనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు.

బయాప్సీ

బిడ్డకి పాలిచ్చాక, స్కాన్ చూస్తూ చేశాం. చనుమొనకి దూరంగా, గడ్డకి దగ్గర దారిలో సూది, పాలనాళాలు తెగకుండా. స్ప్రింగు సూది టక్కుమన్నప్పుడు ఉలిక్కిపడుతుంది మనిషి, అందుకే ముందే ఒకసారి ఖాళీగా నొక్కి ఆ శబ్దం వినిపిస్తాను. పాలిచ్చేవాళ్లకి రక్తం ఎక్కువ వస్తుంది, కాసేపు గట్టిగా నొక్కిపట్టాం. చంకలో బిళ్లకి కూడా సన్న సూది పెట్టాం. ఆ రాత్రి పాలివ్వడానికి ఏ అడ్డూ లేదు.

చిన్న ఊళ్లలో చేసేవాళ్లకి ఒక మాట. ముక్క తీసిన వెంటనే, గంటలోపు, 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి, సెలైన్‌లో కాదు. 6 గంటలకు తక్కువ గానీ 72 గంటలకు ఎక్కువ గానీ ఉంటే ఈఆర్, పీఆర్ (ఇవే హార్మోన్ పరీక్షలు), హెర్2 (క్యాన్సర్ కణాన్ని పెంచే ఒక ప్రోటీన్) పరీక్షలు నమ్మడానికి వీలుండదు. శనివారం సాయంత్రం తీసి సోమవారం పండగ సెలవని అలమరాలో పెట్టేస్తే ఆ మనిషికి ఏ మందు ఇవ్వాలో తెలియకుండా పోతుంది. ఫారం మీద "పాలిస్తున్న తల్లి" అని పెద్దక్షరాలతో రాయండి, అది తెలియకపోతే పాథాలజిస్టు వేరేగా చదివే అవకాశం ఉంది.

రిపోర్టు: ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 3, అంటే పాలనాళంలో మొదలై చుట్టూ పాకిన, వేగంగా పెరిగే రకం క్యాన్సర్. ఈఆర్, పీఆర్ నెగెటివ్, హెర్2 మూడు ప్లస్, అంటే బాగా ఎక్కువ. చంకలో బిళ్లలో కూడా ఉంది. సీటీ, బోన్ స్కాన్‌లో మిగతా ఒంట్లో ఎక్కడా లేదు. అంటే రెండో దశ.

తర్వాత జరిగిన వైద్యం

ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ పంపించాను, అక్కడి ఆంకాలజిస్టుతో ముందే మాట్లాడి. కీమో మొదలుపెట్టాలంటే పాలు ఆపేయాలి, ఆ మందులు పాలల్లోకి వస్తాయి. చెప్పిన అన్నిట్లోకీ ఆవిడ ఏడ్చింది దీనికే. పాలు ఆగడానికి కాబర్గోలిన్ మాత్రలు రాశాను. అత్తగారు మల్లెపూలు కట్టారట, మా వైపు పాలు మాన్పించడానికి పాతకాలం పద్ధతి. కట్టుకోనివ్వండి అన్నాను, మాత్రలు మాత్రం మానొద్దని.

ముందు గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెట్టించాం. కీమోకి గడ్డ కరిగిపోతే తర్వాత ఎక్కడ కోయాలో సర్జన్‌కి తెలియాలి కదా. మూడు వారాలకోసారి ఆరు కీమోలు, వాటితో పాటు హెర్2ని అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్. హెర్2 రకం ఒకప్పుడు అందరూ భయపడే రకం. 1998లో అమెరికాలో ఈ మందుకి అనుమతి వచ్చాక దాని కథ మారింది, 2014 నుంచి మన దేశంలో తయారైనదే దొరుకుతోంది. ఆరో కీమో అయ్యేసరికి చేతికి గడ్డ తగల్లేదు. రొమ్ము మొత్తం తీయకుండా క్లిప్ చుట్టూ ఉన్న భాగం, చంకలో బిళ్లలు తీశారు. "మొత్తం తీసేస్తేనే గ్యారంటీ కదండీ" అని భర్త ఫోన్‌లో అడిగాడు. రేడియేషన్ కూడా ఇస్తే రెండు పద్ధతుల్లోనూ బతికే అవకాశం ఒక్కటేనని 20 ఏళ్ల పాటు గమనించిన అమెరికా, ఇటలీ ట్రయల్స్ ఫలితాలు 2002లోనే వచ్చాయి. తీసిన ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటీ మిగల్లేదు.

ఎప్పుడు చూపించుకోవాలి

ఈ కేసు చెప్పాక అందరూ అడిగేది ఇదే, నెలనెలా చేత్తో వెతుక్కోవాలా అని. షాంఘైలో రెండున్నర లక్షల మందికి పైగా మిల్లు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో పద్ధతి ప్రకారం స్వయంపరీక్ష నేర్పినా మరణాలు తగ్గలేదు, అనవసరపు బయాప్సీలు పెరిగాయి. 2002లో వచ్చింది ఆ ఫలితం. అందుకని నేను లెక్కపెట్టి వెతుక్కోమని చెప్పను. మీ ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకుని ఉండండి, మారితే చూపించండి అంటాను. నెలసరి ముందు రొమ్ములు గడ్డలుగా, సలుపుగా ఉండటం మామూలే, నెలసరి అయ్యాక పోతే వదిలేయొచ్చు. పోకపోతే రండి. గడ్డ చుట్టూ చర్మం సొట్టపడినా, నారింజ తొక్కలా మందంగా అయినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, పిండకుండానే ఒకవైపు నుంచి రక్తం రంగు నీరు వచ్చినా, చనుమొన మీద పుండు తామరలా ఉండి మానకపోయినా, చంకలో బిళ్ల తగిలినా ఆలస్యం చేయొద్దు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, చాలా క్యాన్సర్ గడ్డలు మొదట్లో నొప్పి పెట్టవు. పాలిచ్చే తల్లికైతే నేను పెట్టుకున్న గడువు రెండు వారాలు. పాలిస్తూ, కాపడం పెడుతూ, అవసరమైతే మందు వాడుతూ రెండు వారాలు చూసినా అలాగే ఉంటే స్కాన్ చేయించాలి. రొమ్మంతా ఎర్రగా వాచి యాంటీబయాటిక్‌కి తగ్గకపోతే కూడా అంతే, వాపులా కనబడే క్యాన్సర్ ఒకటుంది.

30 దాటినవాళ్లకి ఏఎన్ఎంలు, పీహెచ్‌సీల్లో చేత్తో చూసే పరీక్ష జాతీయ కార్యక్రమంలోనే ఉంది. మనవాళ్లు బీపీ, షుగరు చూపించుకుని ఇది మాత్రం సిగ్గుపడి ఒద్దనేస్తారు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి 20 ఏళ్లు నడిపిన ట్రయల్‌లో, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో చూడటం వల్లే గడ్డలు ముందు దశలో దొరికాయి, 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 2021లో అచ్చయింది. అంతకన్నా చిన్నవాళ్లలో మరణాలు తగ్గినట్టు తేలలేదు, అదీ చెప్పాలి. ఈవిడ వయసువాళ్లకి కాబట్టి వరసగా చేసే పరీక్షల కన్నా, గడ్డ తగిలాక దాన్ని చివరిదాకా తేల్చడమే ముఖ్యం.

ఆవిడకి ట్రాస్టుజుమాబ్ ఏడాది పూర్తయింది, మధ్యలో మూడు నెలలకోసారి గుండె ఎకో తీయించారు, బాగానే ఉంది. ఇప్పుడు మూడు నాలుగు నెలలకోసారి చూపించుకుంటోంది, ఏడాదికోసారి మామోగ్రామ్. చిన్న వయసులో వచ్చింది కాబట్టి వంశపారంపర్యంగా వచ్చిందేమో చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష చేయించాం, తేడా ఏమీ లేదు. ఆవిడ చెల్లెలు కూడా గడ్డ తగిలిందని టెన్షన్ పడుతూ వచ్చింది. వేళ్ల మధ్య జారిపోయే నున్నటి గడ్డ, స్కాన్‌లో అంచులు శుభ్రంగా ఉన్నాయి, కోర్ బయాప్సీలో ఫైబ్రోఎడినోమా. మూడూ ఒకే మాట చెప్పాయి. కోయక్కర్లేదన్నాను, ఆర్నెల్లకి ఒకసారి స్కాన్ రాసిచ్చాను.